ఊపిరి లెక్కపెట్టి తిమింగలాన్ని చూడటం: కాలిఫోర్నియా తీరంలో శీతాకాలపు గ్రే వేల్ యాత్రకు సమగ్ర మార్గదర్శి

చలికాలం రాగానే బీచ్ సంగతి మరిచిపోతాం. నీళ్ళు చల్లన, గాలి ఈడ్చి కొడుతుంది, ఐదింటికే చీకటి పడిపోతుంది. కాలిఫోర్నియాలో ఏళ్ళ తరబడి ఉంటున్న మన కుటుంబాల్లో కూడా డిసెంబర్ నుంచి మార్చి దాకా సముద్రం వైపు వెళ్ళేవాళ్ళు తక్కువే. సరిగ్గా ఆ నెలల్లోనే వేల గ్రే వేల్స్ ఈ తీరం వెంబడి నడిచిపోతుంటాయి. కొన్నిచోట్ల కొండ అంచున నిలబడితే మామూలు కంటికే ఆనేంత దగ్గరగా.

మొదటి రెండుసార్లు వెళ్ళినప్పుడు నాకు కనిపించింది కాస్త తుంపర, ఒక నల్లటి వీపు, అంతే. మూడోసారి కొండ మీద నా పక్కన ఒక పెద్దావిడ నిలబడి ఉంది. ఆవిడ బైనాక్యులర్స్ కూడా ఎత్తలేదు, చేతి గడియారం చూసుకుంటూ నిలబడింది. కాసేపాగి "ఇప్పుడు చూడు, ఆ రాయికి కొంచెం ఎడమ పక్క" అంది. చూశాను. సరిగ్గా అక్కడే లేచింది. ఆవిడ చేసిందల్లా తిమింగలం ఊపిరి లెక్కపెట్టడమే. ఆ రోజు నుంచి నేను చూసే పద్ధతే మారిపోయింది. టికెట్లు, మందులు, బట్టలు అన్నీ చెబుతాను గానీ, ఆ లెక్క మీకు పట్టుబడాలన్నదే నా అసలు కోరిక.

ముందు, ఎప్పుడు వెళ్ళాలో తేల్చుకోండి

గ్రే వేల్స్ వేసవంతా అలాస్కా పైన బేరింగ్, చుక్చీ సముద్రాల్లో మేస్తాయి. ఆహారం సముద్రం అడుగు బురదలో ఉండే చిన్న చిన్న రొయ్యల్లాంటి జీవులు. పక్కకు ఒరిగి అడుగు బురదను నోట్లోకి పీల్చి, పళ్ళకు బదులు ఉండే జల్లెడ లాంటి పలకలతో నీళ్ళూ బురదా వదిలేసి, తిండిని మింగుతాయి. శరదృతువులో దక్షిణానికి బయలుదేరి మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ఉప్పునీటి మడుగులు చేరతాయి. సాన్ ఇగ్నాసియో, ఓహో దె లియెబ్రె, మాగ్దలేనా అనే చోట్ల పిల్లల్ని కని పాలు పడతాయి. పిల్లలు కాస్త గట్టిపడ్డాక మళ్ళీ ఉత్తరానికి. రానూపోనూ 15,000 నుంచి 20,000 కిలోమీటర్లు. ఈ దారి పొడుగునా దాదాపు ఉపవాసమే, వేసవిలో ఒంట్లో పోగుచేసుకున్న కొవ్వు మీదే నెట్టుకొస్తాయి. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, పడవ ఎంత దూరంలో ఉండాలన్న దగ్గర మళ్ళీ దీనికే వస్తాం.

కాలిఫోర్నియాలో దక్షిణానికి వెళ్ళేవి డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య దాకా కనిపిస్తాయి. జనవరి మధ్య వారాల్లో రద్దీ ఎక్కువ. ముందుగా దిగేవి కడుపుతో ఉన్న ఆడవి, వాటికి ఆగే తీరిక ఉండదు. ఫిబ్రవరి మధ్యలోనే ఉత్తరానికి తిరిగొచ్చేవి మొదలవుతాయి, కాబట్టి ఆ రోజుల్లో రెండు దిక్కులకూ వెళ్ళేవి ఒకేచోట కనిపించవచ్చు. పిల్లతల్లులు అందరికంటే చివర, ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నా సలహా జనవరి రెండో వారం నుంచి నెలాఖరు లోపు ఒక రోజు. నీలి తిమింగలం చూడాలన్న ఆశతో ఉంటే మాత్రం ఇది ఆ కాలం కాదు, అవి వేసవిలో వస్తాయి. ఆ ఆశ పెట్టుకుని జనవరిలో వచ్చి నిరాశపడినవాళ్ళను చూశాను.

పడవ ఎక్కే ముందు ఒకసారి ఒడ్డు నుంచి చూడండి

చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా టికెట్ కొంటారు. నేనైతే ఒక పూట కొండ మీద గడపకుండా పడవ ఎక్కొద్దంటాను. ఒడ్డున మీ కాళ్ళ కింద నేల కదలదు, కడుపులో తిప్పదు, కన్ను స్థిమితంగా నేర్చుకుంటుంది. పైగా ఎత్తు మీద నుంచి చాలా దూరం కనిపిస్తుంది. పడవ డెక్ మీద, కంటి ఎత్తు నీటికి మూడు మీటర్లనుకుంటే, దిగంతం ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. సాన్ డియేగోలోని కాబ్రిల్లో నేషనల్ మాన్యుమెంట్ దగ్గర పాత లైట్‌హౌస్ 422 అడుగుల ఎత్తున ఉంది, అక్కణ్ణుంచి దాదాపు 40 కిలోమీటర్లు. 1950లో జనానికి తిమింగలాలు చూపించడం మొదలైంది ఈ కొండ మీదే. ఆ ఊళ్ళోనే 1955లో ఒక్క డాలర్ టికెట్‌తో పడవ యాత్రలు కూడా మొదలయ్యాయి.

లాస్ ఏంజెలెస్ వైపు ఉండేవాళ్ళకు రాంచో పాలోస్ వెర్డెస్‌లోని పాయింట్ విసెంటే అన్నిటికంటే మంచి చోటు. అక్కడ స్వచ్ఛంద కార్యకర్తలు 1980ల నుంచి ఏటా డిసెంబర్ మొదలు మే దాకా పొద్దుటి నుంచి సాయంత్రం వరకు కూర్చుని వచ్చేపోయే తిమింగలాలను లెక్కపెడతారు. మర్యాదగా దగ్గరికెళ్ళి "ఈరోజు ఏమైనా కనిపించాయా?" అని అడగండి. విసుక్కోరు. ఎటు చూడాలో వేలు పెట్టి చూపిస్తారు. నేను సగం అక్కడే నేర్చుకున్నాను.

బే ఏరియా వాళ్ళకు పాయింట్ రేయెస్ లైట్‌హౌస్. 1870 నాటిది. దిగడానికి 313 మెట్లు, ఎక్కడానికి కూడా అవే, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పైనే ఉండి చూడొచ్చు. గాలి గంటకు 40 మైళ్ళు దాటితే మెట్లు మూసేస్తారు. పొగమంచు పట్టిన రోజు అక్కడ లైట్‌హౌసే కనిపించదు, కాబట్టి బయల్దేరే ముందు వాతావరణం చూసుకోవాలి. ఇంకా పైకి బొడేగా హెడ్, మెండొసీనో కొండలు ఉన్నాయి. మాంటెరే దక్షిణాన గ్రానైట్ కాన్యన్ దగ్గర ప్రభుత్వ శాస్త్రవేత్తలు 1967 నుంచి ఒడ్డు మీద నిలబడే వీటి జనాభాను అంచనా కడుతున్నారు. ఒడ్డు నుంచి ఎంత బాగా కనిపిస్తాయో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఒడ్డున చేయాల్సింది ఇదీ. పొద్దున్నే వెళ్ళండి, సూర్యుడు మీ వెనక ఉంటాడు. మధ్యాహ్నం దాటితే ఎండ నీళ్ళ మీద పడి కళ్ళలో పొడుస్తుంది. పడమటికి తిరిగి నిలబడండి. జనవరిలో తిమింగలాలు మీ కుడి చేతి వైపు నుంచి ఎడమ చేతి వైపుకు వెళ్తాయి, మార్చిలో ఎడమ నుంచి కుడికి. ముందే బైనాక్యులర్స్ పెట్టుకోవద్దు. ఉత్త కళ్ళతో, దిగంతానికి కొంచెం కింద, కుడి నుంచి మెల్లగా సముద్రాన్ని జల్లెడ పట్టినట్టు చూసుకుంటూ రండి. తెల్లగా, పొగలాగా, నిలువుగా ఏదైనా లేచి రెండు మూడు సెకన్లు ఆగి కరిగిపోయిందంటే అది ఊపిరి. అల విరిగితే వచ్చే తెలుపు అడ్డంగా పరుచుకుంటుంది, అంత పైకి లేవదు. ఈ తేడా ఒక గంటలో కంటికి అలవాటైపోతుంది. అప్పుడు బైనాక్యులర్స్ ఎత్తండి.

పడవను ఎంచుకోవడం

మాంటెరే, మాస్ లాండింగ్, వెంచూరా, లాంగ్ బీచ్, న్యూపోర్ట్ బీచ్, డానా పాయింట్, సాన్ డియేగో, ఈ హార్బర్లన్నిటి నుంచీ శీతాకాలంలో రోజూ పడవలు బయల్దేరతాయి. ఊరిని, వ్యవధిని బట్టి పెద్దవాళ్ళ టికెట్ 40 నుంచి 80 డాలర్ల మధ్య ఉంటుంది, మామూలు రోజుల్లో శనాదివారాల కంటే తగ్గుతుంది. దక్షిణాన సాధారణంగా రెండు, రెండున్నర గంటల యాత్ర, మాంటెరేలో మూడు నుంచి నాలుగు గంటలు. మాంటెరే అఖాతంలో లోతైన సముద్రపు లోయ ఒడ్డుకు దగ్గరగా వస్తుంది కాబట్టి గ్రే వేల్స్‌తో పాటు ఇంకా చాలా రకాలు కనిపిస్తాయి, కానీ అక్కడి అలలు దక్షిణాదికంటే మొరటు. చిన్నపిల్లలతో, పెద్దవాళ్ళతో మొదటిసారి వెళ్తుంటే డానా పాయింట్ లేదా న్యూపోర్ట్ వైపు సుఖం.

పడవల్లో ముఖ్యంగా మూడు రకాలు. రెండు అంతస్తుల పెద్ద పడవ, రెండు పొట్టలు పక్కపక్కన ఉండే కటామరాన్, గాలి నింపిన అంచులతో నీటికి ఆనుకుని పోయే చిన్న జోడియాక్. నా ఓటు కటామరాన్‌కు, పక్కలకు ఒరగడం తక్కువ. జోడియాక్‌లో తిమింగలం కళ్ళ ఎత్తులో కనిపిస్తుంది, ఆ అనుభవమే వేరు, కానీ ప్రతి అలకూ నడుం మీద దెబ్బ పడుతుంది. గర్భిణులు, వెన్ను నొప్పి ఉన్నవాళ్ళు, చంటిపిల్లల తల్లులు దాని జోలికి పోవద్దు.

బుక్ చేసేముందు ఫోన్ చేసి నాలుగు మాటలు అడగండి. పడవలో నేచురలిస్ట్, అంటే జీవుల గురించి తెలిసి మైకులో వివరించే మనిషి, ఉంటారా? సముద్రం బాగా లేకపోతే వాళ్ళంతట వాళ్ళే రద్దు చేస్తారా, డబ్బు వెనక్కి ఇస్తారా? టాయిలెట్ ఉందా? ఇక చాలామంది అడగనిది, "కనిపించకపోతే మళ్ళీ ఉచితం" అని ప్రకటిస్తే అందులో డాల్ఫిన్లు కనిపించినా చూసినట్టే లెక్కా? చాలాచోట్ల అలాగే లెక్కిస్తారు. ముందే తెలిస్తే తిరిగొచ్చాక గొడవుండదు.

మొదటి ప్రశ్నకు జవాబు "లేరు" అయితే నేను ఆ టికెట్ కొనను. మైకులో మాట్లాడే మనిషి బాగుంటే తిమింగలం కనిపించని రోజు కూడా వృథా పోదు.

సముద్రాన్ని రెండు రోజుల ముందే చదవండి

నా రెండో యాత్ర ఫిబ్రవరిలో, ఒక తుపాను వెళ్ళిపోయిన మర్నాడు. ఆకాశం కడిగినట్టు నీలంగా ఉంది, ఎండ కాస్తోంది, ఇంకేం అనుకున్నాం. పడవ నడిపేవాళ్ళు కూడా ఏమీ చెప్పలేదు. హార్బర్ గోడ దాటగానే పడవ ముక్కు పైకి లేవడం, ధబ్బున పడటం మొదలైంది. అరగంటలో మా అబ్బాయి ముఖం పాలిపోయింది, ఒక ముసలాయన రెయిలింగ్ పట్టుకుని కూర్చుండిపోయాడు. ఆకాశం చూసి సముద్రాన్ని అంచనా వేయకూడదని ఆ రోజు తెలిసింది. తుపాను పోయినా దాని అలలు రెండు రోజులు వస్తూనే ఉంటాయి.

నేషనల్ వెదర్ సర్వీస్ తీరప్రాంతానికి విడిగా సముద్ర వాతావరణ సూచన ఇస్తుంది, ఉచితం. అందులో మూడే చూడండి. గాలి ఎన్ని నాట్లు (ఒక నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు), అలల పొంగు ఎన్ని అడుగులు, ఒక పొంగుకూ తర్వాతి పొంగుకూ మధ్య ఎన్ని సెకన్లు. ఎక్కువమంది మూడోదాన్ని వదిలేస్తారు, కానీ కడుపులో తిప్పేది అదే. 14 సెకన్లకోసారి వచ్చే 4 అడుగుల పొంగు మీద పడవ ఉయ్యాలలా మెల్లగా లేచి దిగుతుంది. 6 సెకన్లకోసారి వచ్చే 5 అడుగుల అల గుంతల రోడ్డు. పడవలవాళ్ళు వాడే మోటు లెక్క ఒకటుంది. సెకన్ల సంఖ్య అడుగుల సంఖ్యకు కనీసం రెండింతలుండాలి. లేకపోతే తేదీ మార్చుకోండి.

గాలి 10 నాట్ల లోపు ఉంటే హాయి. 12, 13 దాటితే నీళ్ళ మీద తెల్లటి నురగ తలలు లేస్తాయి, అప్పుడు ఊపిరి ఏదో నురగ ఏదో తెలియదు. "స్మాల్ క్రాఫ్ట్ అడ్వైజరీ", అంటే చిన్న పడవలకు హెచ్చరిక, అని రాసి ఉంటే కుటుంబంతో వెళ్ళొద్దు. సాధారణంగా పొద్దుటి పూట గాలి తక్కువ, మధ్యాహ్నానికి పెరుగుతుంది. అందుకే ఎప్పుడూ రోజులో మొదటి పడవే తీసుకోండి. ఒక్క మాట నమ్మండి, మబ్బు పట్టి, గాలి లేకుండా, సముద్రం బూడిద రంగు పలకలా ఉన్న రోజు ఎండ కాసే రోజుకంటే మంచిది. మెరుపు ఉండదు, ప్రతి ఊపిరీ ముగ్గు చల్లినట్టు కనిపిస్తుంది.

కడుపులో తిప్పకుండా

చెవి లోపల ఉన్న తూనిక "కదులుతున్నాం" అంటుంది, ఎదురుగా క్యాబిన్ గోడ చూస్తున్న కన్ను "లేదు" అంటుంది. ఆ రెండిటి గొడవే సీ సిక్‌నెస్. కాబట్టి ఉపాయం సులువు, కంటికి కూడా కదలిక చూపించాలి. బయట నిలబడి దిగంతం చూడండి. క్యాబిన్‌లోకి పోయి కూర్చోవడం, ఫోన్ చూడటం, బైనాక్యులర్స్‌లోంచి అదేపనిగా చూడటం, మూడూ ముంచేస్తాయి.

మెక్లిజిన్, డైమెన్‌హైడ్రినేట్ లాంటి మాత్రలు మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతాయి. పడవ ఎక్కడానికి కనీసం గంట ముందు వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయదు. నిద్ర వస్తుంది కాబట్టి తిరుగు ప్రయాణంలో కారు నడిపే మనిషి ముందే ఇంకో రోజు వేసుకుని చూసుకోవాలి. చెవి వెనక అంటించే స్కోపొలమిన్ పట్టీకి డాక్టర్ చీటీ కావాలి. పిల్లలకు, గర్భిణులకు, వేరే మందులు వాడే పెద్దవాళ్ళకు ఏదిచ్చినా డాక్టర్‌ని అడిగే ఇవ్వండి. అల్లం కూడా చాలామందికి పనిచేస్తుంది, జేబులో నాలుగు ముక్కలు ఉంచుకోండి.

ఖాళీ కడుపుతో ఎక్కకూడదు, నిండుగా తిని అసలే ఎక్కకూడదు. నూనె లేనిది, పులుపు లేనిది కొంచెం తినండి. పడవలో నడుమ భాగం, కింది అంతస్తు అన్నిటికంటే తక్కువ ఊగుతాయి. ముందు కొన ఎక్కువ లేచిపడుతుంది, పైఅంతస్తు ఎక్కువ ఒరుగుతుంది. మరీ వెనక్కి పోతే డీజిల్ పొగ. వాంతి వచ్చేస్తుందనిపిస్తే సిగ్గుపడకుండా సిబ్బందికి చెప్పండి, గాలి మన వీపుకు తగిలే వైపు రెయిలింగ్ దగ్గరికి తీసుకెళ్తారు. గాలికి ఎదురుగా మాత్రం నిలబడొద్దు.

ఏం వేసుకోవాలి, ఏం పట్టుకెళ్ళాలి

ఒడ్డున 18 డిగ్రీలుంటే పడవ మీద 10 అనుకుని తయారవ్వండి. లోపల ఒంటికి అతుక్కునే పొర, దానిపైన ఉన్ని లేదా ఫ్లీస్, అన్నిటిపైన గాలి చొరని జాకెట్. జీన్స్ తడిస్తే ఆరదు. చెవులు కప్పే టోపీ, పల్చటి చేతి తొడుగులు, జారని బూట్లు. మబ్బు రోజైనా సన్‌స్క్రీన్ రాసుకోండి. పోలరైజ్డ్ కళ్ళద్దాలు నీటి మెరుపును కోసేస్తాయి. చీర కట్టుకునే పెద్దవాళ్ళు వస్తుంటే ఆ పూటకు సల్వారో ప్యాంటో వేసుకోమని బతిమాలైనా ఒప్పించండి. మెట్లు నిటారుగా, తడిగా ఉంటాయి.

బైనాక్యులర్స్ 7×50 లేదా 8×42 చాలు. 10 రెట్లు, 12 రెట్లు అంటూ కొంటే పడవ ఊపుకి బొమ్మ నిలవదు.

అసలు పని: ఊపిరి చదవడం

పడవలో దిక్కులు గడియారం లెక్కన చెబుతారు. ముందు కొన 12 గంటలు, కుడి చేయి 3, వెనక 6, ఎడమ చేయి 9. "బ్లో, టెన్ ఓ క్లాక్!" అని అరిస్తే, అంటే ఊపిరి పది గంటల దిక్కున లేచిందని, ముందు కొన నుంచి బాగా ఎడమకు తిరగాలి. పిల్లలకు ఇది ఇంటి దగ్గరే ఆటలా నేర్పండి. మా అమ్మాయి ఆరేళ్ళప్పుడు పడవలో అందరికంటే ముందు అరిచింది.

మామూలుగా ప్రయాణంలో ఉన్న గ్రే వేల్ లయ ఇలా ఉంటుంది. 15 నుంచి 30 సెకన్లకోసారి, మూడు నుంచి ఐదుసార్లు ఊపిరి వదులుతుంది. ఆ తర్వాత దీర్ఘంగా మునుగుతుంది, మూడు నుంచి ఐదు నిమిషాలు. అలా మునిగే ముందు చాలాసార్లు తోక పైకెత్తుతుంది. కాబట్టి మొదటి ఊపిరి కనపడగానే కేకలు వేయకుండా లెక్క మొదలుపెట్టండి. ఒకటి. రెండు. మూడు. మూడో ఊపిరి తర్వాత వీపు మామూలు కంటే ఎత్తుగా, విల్లులా వంగిందంటే తోక రాబోతోంది. కెమెరా అప్పుడు ఎత్తాలి, అంతకు ముందు కాదు.

తోక మునిగిన చోట నీళ్ళను చూడండి. అలల మధ్య ఒక గుండ్రటి జాగా నూనె పోసినట్టు నున్నగా, మెరుస్తూ మిగులుతుంది. తోక కిందికి కొట్టిన ఊపుకి పైకి తన్నుకొచ్చిన నీరు అది. దాన్నే తిమింగలం అడుగుజాడ అంటారు. ఒకదాని తర్వాత ఒకటి అలాంటివి రెండు కనిపిస్తే, వాటిని కలిపే గీత ఎటు పోతోందో తిమింగలం అటే పోతోందన్నమాట.

ఇప్పుడు గడియారం చూడండి. దక్షిణానికి వెళ్ళేవి గంటకు దాదాపు 8 కిలోమీటర్ల వేగంతో సాగుతాయి. నాలుగు నిమిషాలు మునిగితే అర కిలోమీటరు పైగా ముందుకు పోయి ఉంటుంది. అందరూ తోక మునిగిన చోటే కళ్ళప్పగించి చూస్తుంటారు. మీరు ఆ చోటు వదిలేసి, మూడో నిమిషం నుంచి దక్షిణంగా అర కిలోమీటరు ముందు చూస్తూ ఉండండి. కొండ మీద ఆ పెద్దావిడ చేసింది ఇదే. అక్కడ తెల్లటి పొగ లేచినప్పుడు గుండె ఝల్లుమంటుంది. ఎన్నిసార్లు చూసినా నాకు అలాగే ఉంటుంది.

ఏ తిమింగలమో కూడా ఊపిరే చెబుతుంది. గ్రే వేల్‌కు రెండు ముక్కు రంధ్రాలు. గాలి లేనప్పుడు ఎదురుగానో వెనకగానో చూస్తే ఊపిరి పై భాగం చీలి హృదయం బొమ్మలా కనిపిస్తుంది, మూడు నాలుగు మీటర్ల ఎత్తు. వీపు మీద రెక్క ఉండదు. దాని బదులు ఒక చిన్న మూపురం, దాని వెనక తోక దాకా పిడికిలి కణుపుల్లాంటి బుడిపెలు వరుసగా ఉంటాయి. వీపు మీద చిన్న రెక్క, బలంగా వంగే నడుము కనిపిస్తే అది హంప్‌బ్యాక్. నిలువుగా చాలా ఎత్తు లేచే ఊపిరి, బాగా వెనకగా వంపు రెక్క ఉంటే ఫిన్ వేల్, దక్షిణ కాలిఫోర్నియాలో చలికాలంలో కూడా తిరుగుతుంది. డాల్ఫిన్లు వందల కొద్దీ వచ్చి పడవ ముందు కొన దగ్గర ఆడతాయి, వాటిని గుర్తుపట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు.

ఒక్కోసారి అది దానంతటదే పడవ పక్కకు వస్తుంది. ఇంజిన్ ఆపేస్తారు. అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మానేస్తారు. ముందు వచ్చేది చప్పుడు, లారీ ఎయిర్ బ్రేకు వదిలినట్టు ఒక "హూష్". తర్వాత వాసన, నాచు కుళ్ళినట్టు, చేపల బుట్ట మూత తీసినట్టు. తుంపర ముఖం మీద పడుతుంది. చర్మం నున్నగా ఉంటుందనుకుంటాం, కాదు. పాత రాతి గోడలా మచ్చలు మచ్చలుగా, తల మీద సున్నం గడ్డల్లా బార్నకిల్స్ (ఒంటికి అతుక్కుని బతికే పెంకు జీవులు) గుంపులు, వాటి సందుల్లో నారింజ రంగులో పాకుతున్న తిమింగలం పేలు. ఈ బార్నకిల్స్ జాతి గ్రే వేల్స్ ఒంటినే ఇల్లు చేసుకుంది. పెద్దది 12 నుంచి 15 మీటర్లుంటుంది. నీటి కింద ఆ బూడిద రంగు ముద్ద పడవ కిందుగా పోతున్నంతసేపూ, ఇంకా వస్తూనే ఉందే అనిపిస్తుంది.

ఫోటోల గురించి కొంచెమే

షట్టర్ సెకనులో వెయ్యో వంతు, వరసగా తీసే బర్స్ట్ మోడ్, 70 నుంచి 300 దాకా జూమ్ లెన్స్. ఫోన్ అయితే అడ్డంగా పట్టుకుని వీడియో తీయండి, తర్వాత అందులోంచి బొమ్మ తీసుకోవచ్చు. మొదటి రెండు ఊపిరి వరసలకు మాత్రం కెమెరా సంచిలోనే ఉండనివ్వండి. లయ తెలియకుండా తీసిన ఫోటోల్లో నీళ్ళే ఉంటాయి.

ఎంత దూరం, ఎందుకు

1972 నాటి మెరైన్ మామల్ ప్రొటెక్షన్ యాక్ట్ ప్రకారం సముద్రపు క్షీరదాలను వేధించడం అమెరికాలో నేరం. తిమింగలాలకు కనీసం 100 గజాలు, అంటే 91 మీటర్ల దూరం పాటించమని మార్గదర్శకాలు చెబుతాయి. ఎదురుగానో వెనకనుంచో తరమకూడదు, పక్కగా, దాని వేగానికి మించకుండా సాగాలి. తల్లికీ పిల్లకూ మధ్యకు పోకూడదు. అరగంటకు మించి ఒకదాని వెంటే ఉండకూడదు. డ్రోన్ ఎగరేయాలన్న ఆలోచన ఇంటి దగ్గరే వదిలేయండి. సొంత పడవలోనో కయాక్‌లోనో వెళ్ళేవాళ్ళకూ ఇవే వర్తిస్తాయి. 26 అడుగులు, అంతకంటే చిన్న పడవ కదులుతున్నప్పుడు 13 ఏళ్ళ లోపు పిల్లలకు లైఫ్ జాకెట్ వేయాలన్నది కాలిఫోర్నియా చట్టం.

ఇక్కడ ఉపవాసం సంగతి గుర్తు చేసుకోండి. పడవను తప్పించుకోవడానికి దారి మార్చిన ప్రతిసారీ, తొందరగా మునిగిన ప్రతిసారీ, దాచుకున్న కొవ్వులోంచే ఖర్చవుతుంది. ఆ కొవ్వే రేపు పిల్లకు పాలు. 19వ శతాబ్దంలో వేటగాళ్ళు బాహా మడుగుల్లోకే వెళ్ళి వీటిని దాదాపు తుడిచిపెట్టారు. తర్వాత వచ్చిన రక్షణతో కోలుకుని, 1994లో అమెరికా అంతరించిపోయే జీవుల జాబితా నుంచి బయటికొచ్చాయి. 2016 నాటికి 27,000 దాకా పెరిగాయి. ఆ తర్వాత ఆర్కిటిక్‌లో తిండి తగ్గి, 2019 నుంచి బక్కచిక్కిన తిమింగలాలు తీరానికి కొట్టుకురావడం మొదలైంది. 2023 శీతాకాలానికి అంచనా 14,500కు పడిపోయింది. ఈమధ్య వీపు మీద మెడ వెనక గుంట పడ్డవి కంటపడుతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. కొవ్వు కరిగిపోయిందనడానికి అదే గుర్తు.

మీరెక్కిన పడవ మరీ దగ్గరికి పోతోందా అన్నది తిమింగలమే చెబుతుంది. ఊపిరి లయ చెదురుతుంది, వీపు చూపించకుండా ముక్కు మాత్రం నీటి అంచుకు తెచ్చి దొంగచాటుగా పీల్చుకుంటుంది, దిక్కు మార్చుకుంటుంది. అలాంటప్పుడు నేచురలిస్ట్ దగ్గరికెళ్ళి "దానికి ఇబ్బందిగా ఉన్నట్టుంది, కొంచెం వెనక్కి పోదామా?" అని నెమ్మదిగా అడగండి. నేను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ కెప్టెన్ పడవ తిప్పాడు.

వసంతంలో ఇంకోసారి

జనవరిలో లయ నేర్చుకున్నవాళ్ళు ఏప్రిల్‌లో సాన్ సిమియన్ పక్కన పియెద్రాస్ బ్లాంకాస్ దగ్గరికి వెళ్ళండి. దీనికి పడవ అక్కర్లేదు. పిల్లతల్లులు ఓర్కాల (వేటాడే కిల్లర్ వేల్స్) భయంతో ఒడ్డును ఆనుకుని, కొన్నిసార్లు 200 మీటర్ల లోపే, కెల్ప్ అనే పొడవాటి సముద్రపు నాచు పక్కపక్కనే వెళ్తాయి. ఈసారి ఎడమ నుంచి కుడికి. లెక్క కూడా మారుతుంది, పిల్ల ఎక్కువసేపు మునగలేదు కాబట్టి తల్లి దాని కోసం ఆగి ఆగి నడుస్తుంది. పెద్ద ఊపిరి ఒకటి లేచిన వెంటనే దాని పక్కన చిన్న పొగ ఇంకొకటి లేస్తుందేమో చూడండి.